గోనెసంచిలో ఎముకలు, ఊరి నోట తీర్పులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది కోనసీమలో గౌతమి పాయ ఒడ్డున ఒక లంక గ్రామం. కొబ్బరితోట కలిసి రాక, రొయ్యల చెరువు తవ్విద్దామని పోయిన నెలలో పొక్లెయిన్ పెట్టించాను. మూడో రోజు సుమారు నాలుగడుగుల లోతులో మనిషి ఎముకలు బయటపడ్డాయి. కూలీలు పరుగెత్తారు. అలా వదిలేయడం పాపమనిపించి నేనే అన్నీ ఏరి, కాలువలో కడిగి, పసుపు చల్లి, గోనెసంచిలో కట్టి రావిచెట్టు కింద పెట్టాను. ఆ సాయంత్రమే వీఆర్వోకు చెప్పాను. మర్నాడు పోలీసులు వచ్చి పంచనామా చేసి సంచి తీసుకెళ్లారు, తవ్వకం ఆపించారు.

తొమ్మిదేళ్ల క్రితం మా వీధిలో ఒకావిడ భర్తతో గొడవపడి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఈ ఎముకలు ఆవిడవేనని ఊరంతా తేల్చేసింది. ఆ భర్త కిరాణా కొట్టుకు ఇప్పుడు ఎవరూ వెళ్లడం లేదు. పద్నాలుగేళ్ల కొడుకు అమ్మమ్మగారింట ఉండి చదువుకుంటున్నాడు. ఎముకలు చూసి ఎవరివో, ఎలా పోయారో నిజంగా చెప్పగలరా? నేను కడగడం తప్పా, నా మీదకు వస్తుందా? ఇంకొక మాట. బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఇదంతా చూసి ఈ ఎముకల చదువే చదువుతానంటోంది. వాళ్ల నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసింది.
— పేరు వద్దు, కోనసీమ

సమాధానం: ముందు నేనొక ప్రశ్న అడగాలి. పొక్లెయిన్ తవ్వి పోసిన మట్టి ఇప్పుడు ఎక్కడుంది? చెరువు పక్కనే గుట్టగా ఉందా, ట్రాక్టర్లకెత్తి ఎవరి పల్లపు స్థలానికో మెరకకు పంపేశారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట కనిపించలేదు. ఎందుకు అడుగుతున్నానో తర్వాత చెబుతాను. మట్టి అక్కడే ఉంటే మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఇక కడగడం సంగతి. పొరపాటే. మీరు మంచి మనసుతో చేశారు కాబట్టి పొరపాటు కాదని నేను అనలేను. కానీ మీ మీదకు వస్తుందన్న భయం అక్కరలేదు. సాక్ష్యం మాయం చేయడం నేరం కావాలంటే నేరం చేసినవాణ్ణి కాపాడాలన్న ఉద్దేశం ఉండాలి. మీరు అదే సాయంత్రం మీ అంతట మీరే వీఆర్వోకు చెప్పారు. చేయవలసింది ఒక్కటే. ఏ రోజు, ఏ వేళ, ఏ మూల తవ్వుతుండగా ఎముకలు కనిపించాయి, మీరు వాటిని ఎవరి ఎదుట తీశారు, ఎక్కడ కడిగారు, పసుపు చల్లారా, సంచి కొత్తదా లేక ఎరువు బస్తానా, ఇవన్నీ తెల్లకాగితం మీద రాసి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. పసుపు సంగతి ముఖ్యంగా రాయండి. ఎముక రంగు చూసి, ఎముకలు పరీక్షించే మేం చాలా లెక్కలు వేస్తాం. మీరు చల్లిన పసుపు మరక మీద ఎవరో ఒక పేజీ నివేదిక రాసి, దాని మీద కోర్టులో గంటసేపు వాదన జరిగే అవకాశం లేకపోలేదు.

కడగడం వల్ల ఏం పోయిందో కూడా తెలుసుకోండి, మీ ఊళ్లో మరొకరికి ఇలాంటిది ఎదురైతే పనికొస్తుంది. ఎముకకు అంటుకున్న మట్టి పోయింది. ఆ మట్టిలో ఈగ పురుగుల ఖాళీ గుల్లలు ఉండి ఉండవచ్చు. అవి దొరికితే పూడ్చకముందు శరీరం కొంతకాలం బయట ఉన్నదని తెలుస్తుంది. జుట్టు, గుడ్డపీలిక, గాజు ముక్క, మెట్టె, మొలతాడుకు కట్టిన వెండి బిళ్ల, తాయెత్తు, ఇలాంటివి ఎముక కంటే త్వరగా మనిషిని పట్టిస్తాయి. ఇంకా పెద్ద నష్టం, ఎముకలు ఉన్న తీరు పోవడం. తల దక్షిణానికి ఉందా, వెల్లకిలా పడుకోబెట్టారా, బోర్లా పడేశారా, కాళ్లు ముడిచి ఉన్నాయా? ఇవి తెలిస్తే అది ఆచారం ప్రకారం జరిగిన ఖననమా, చీకట్లో హడావిడిగా తవ్విన గుంటా అన్నది సగం తేలిపోతుంది. కాళ్లు ముడిచి కూర్చున్నట్టు ఉన్నంత మాత్రాన హత్య కానక్కరలేదు, జంగాల్లో కూర్చోబెట్టి సమాధి చేసే ఆచారం ఉంది.

మీరొక్కరే ఇలా చేశారని బాధపడకండి. పంజాబ్‌లోని అజ్నాలాలో 1857 నాటి సిపాయిల ఎముకలున్న పాత బావిని 2014లో స్థానికులే ఉత్సాహంగా తవ్వేశారు. పద్ధతి ప్రకారం తీయకపోవడంతో చాలా ఎముకలు ముక్కలయ్యాయి. అయినా మిగిలిన పళ్లు కథ చెప్పాయి. పంటి పైపూత చిన్నతనంలో ఏర్పడి, ఆ తర్వాత మారదు. అప్పుడు తాగిన నీరు, తిన్న తిండి తాలూకు గుర్తులు అందులో నిలిచిపోతాయి. పంజాబ్ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరీక్షల ఫలితాలు 2022లో వచ్చాయి. ఆ మనుషులు పంజాబీలు కారని, గంగా మైదానం నుంచి వచ్చినవారని డీఎన్‌ఏ, పళ్లు రెండూ చెప్పాయి. నూట అరవై ఏళ్లు బావిలో నానినా పళ్లు అంత చెప్పగలిగాయంటే, మీ గోనెసంచి మీద ఆశ వదులుకోవలసిన పని లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎముకలు చూసి చెప్పగలరా? ఆ వాక్యంలో మీరు నాలుగైదు ప్రశ్నలు కలిపేశారు. ఎముకల మానవశాస్త్రం, అంటే ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ, వాటిని విడదీసి ఒక వరసలో అడుగుతుంది. ఒకటి తేలకుండా రెండోదానికి వెళ్లదు. మీ ఊరు నేరుగా ఆఖరి ప్రశ్నకు వెళ్లి జవాబు కూడా చెప్పేసింది.

మొట్టమొదటి ప్రశ్న వింటే నవ్వొస్తుంది. ఇది ఎముకేనా? 2008లో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్యనున్న జెర్సీ దీవిలో, ఒకప్పటి అనాథ పిల్లల వసతిగృహంలో తవ్వకాలు జరిపి, పిల్లవాడి పుర్రె ముక్క దొరికిందని పోలీసులు ప్రకటించారు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. తీరా పరీక్షిస్తే అది ఎముకే కాదు, చెక్క ముక్కో కొబ్బరి చిప్ప ముక్కో అయి ఉంటుందన్నారు. కోనసీమవాళ్లకు ఈ కథ చెప్పకుండా ఉండలేను. మన తోటల్లో గడ్డపార ఎక్కడ దించినా చిప్పే తగులుతుంది. రెండో ప్రశ్న, మనిషిదేనా? అంతర్వేది వైపు ఇసుకలో కొట్టుకొచ్చే తాబేలు డిప్ప ముక్కలను పుర్రె ముక్కలనుకున్న చదువుకున్నవాళ్లను నేను చూశాను. మీకు పుర్రె, దవడ దొరికి ఉంటాయనుకుంటాను కాబట్టి ఈ రెండూ దాటినట్టే. కానీ సంచిలో ఉన్నవన్నీ ఒకే మనిషివా? ఎడమ తొడ ఎముకలు రెండు కనిపిస్తే ఇద్దరు మనుషులన్నమాట. ఇది చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

ఆ తర్వాతిది లంకల్లో అన్నిటికంటే చిక్కు ప్రశ్న. ఇవి ఎప్పటివి? అసలు ఇక్కడివేనా? మన నేల గోదావరి పెట్టిన నేల. ఒక ఒడ్డున కోసి మరో ఒడ్డున మెరక వేస్తుంది. ఒడ్డు కోతకు శ్మశానాలే జారిపోయిన ఊళ్లు ఉన్నాయి. పసిపిల్లలు పోతే దహనం చేయకుండా పూడ్చే ఆచారం ఎన్నో కులాల్లో ఉంది, పెద్దవారిని పూడ్చేవారూ ఉన్నారు. 1986 ఆగస్టు వరద గుర్తుందా? 1996 నవంబరు 6 తుపాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది, గల్లంతైనవారందరూ దొరకలేదు. అందుకని లంకలో ఎముక దొరికితే నేను ముందు ఎముకను చూడను, ఊరి ముసలివారిని అడుగుతాను. ఈ మూల ఎప్పుడు మెరక వేసింది? మీ తాతగారి రోజుల్లో ఇక్కడ పాయ ఉండేదా? రెవెన్యూ పటాలు, ఉపగ్రహ చిత్రాలు దాన్ని సరిచూసుకోవడానికి పనికొస్తాయి. నేలే ముప్పై ఏళ్ల క్రితం ఏర్పడితే, అందులో గుంట తీసి పూడ్చిన మనిషి అంతకంటే పాతవాడు కాలేడు. ఏరు తెచ్చి వదిలిన ఎముకలైతే ఆ లెక్క చెల్లదు.

ఏరు తెచ్చిందా, మనిషి పూడ్చాడా అన్నది తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. ప్రవాహం శరీరాన్ని విడదీస్తుంది. పుర్రె దొర్లిపోతుంది, చేతివేళ్ల చిన్న ఎముకలు ఎటో పోతాయి, బరువైనవి మిగులుతాయి. చేతులవీ పాదాలవీ చిన్న ఎముకలు కూడా ఆ గుంటలోనే ఉంటే శరీరం మొత్తంగా అక్కడే పూడ్చారని అనుకోవచ్చు. మీ ఉత్తరంలో చిన్న ఎముకల ప్రస్తావన లేదు. పెద్దవాళ్ల శరీరంలో ఉండేవి 206 ఎముకలు. ఒక్కో చేతిలో మణికట్టుతో కలిపి 27, ఒక్కో పాదంలో 26. అంటే 106 ఎముకలు, సగానికి పైగా, చేతుల్లోనూ పాదాల్లోనే ఉంటాయి. మీరు ఏరినవాటిలో అవి ఎన్ని? గులకరాళ్లనుకుని వదిలేసి ఉంటారు. మట్టి సంగతి ఎందుకు అడిగానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చనిపోయి ఎన్నాళ్లయిందన్నది మా విద్యలో అందరినీ ఎప్పుడో ఒకప్పుడు నవ్వులపాలు చేసే ప్రశ్న. విలియం బాస్ అని అమెరికాలో ఈ రంగానికి పెద్ద దిక్కు. 1977 చివర్లో టెనెసీ రాష్ట్రంలో ఒక పాత సమాధి తవ్వి ఉందని, అందులో కొత్త శవం ఉందని పోలీసులు ఆయన్ను పిలిచారు. మాంసం ఇంకా గులాబీ రంగులో ఉంది. చనిపోయి ఏడాది లోపే అని ఆయన అంచనా వేశారు. తీరా చూస్తే ఆ శవం అంతర్యుద్ధంలో 1864 డిసెంబరులో చనిపోయిన కల్నల్ విలియం షైది. మందులు పట్టించి, ఇనుప పెట్టెలో బిగించడంతో చెడలేదు. పొరపాటు అటూ ఇటూ కాదు, 113 ఏళ్లు! ఆయన ఆ సంగతి దాచుకోలేదు, తానే అందరికీ చెప్పుకున్నారు. శవం ఎలా మారుతుందో నిజంగా చూసి నేర్చుకోవాలని, దానం చేసిన దేహాలతో ఒక ఆరుబయట పరిశోధన స్థలాన్ని కూడా ఏర్పాటు చేశారు. మన ఎండకు, తేమకు, ఈగలకు బయట పడి ఉన్న శరీరం కొన్ని వారాల్లోనే ఎముకల గూడు కావచ్చు. అదే నీరూరే ఒండ్రు మట్టిలో గాలి ఆడకుండా పూడుకుపోతే కొవ్వు సబ్బులా గట్టిపడి ఏళ్ల తరబడి నిలవవచ్చు. కాబట్టి కేవలం ఎముకలను చూసి ‘తొమ్మిదేళ్లు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. గుంటలో 1994 నాటి నాణెం దొరికిందనుకోండి, అది 1994కు ముందు పూడ్చినది కాదన్న సంగతి మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

ఆడా మగా అన్నది సులువైన భాగం. కటి ఎముక విరగకుండా దొరికితే, పెద్దవాళ్ల విషయంలో, నూటికి తొంభై అయిదుసార్లు సరిగ్గా చెప్పగలం. ఆడవారికి ముందువైపు కోణం వెడల్పుగా ఉంటుంది, మగవారికి ఇరుకుగా ఉంటుంది. పుర్రె దాని తర్వాతే. యుక్తవయసు రాని పిల్లల ఎముకలైతే ఈ తేడా నమ్మదగినంతగా ఏర్పడదు. ‘పిల్లలు పుట్టిన మనిషేనా?’ అని స్టేషన్లలో నన్ను ఎన్నోసార్లు అడిగారు. కటి ఎముక మీది గుంటలను చూసి అది చెప్పవచ్చని ఒకప్పుడు అనుకునేవారు. ఆ నమ్మకం ఇప్పుడు నిలవడం లేదు.

వయసు, చిన్నవాళ్లదైతే దగ్గరగా చెప్పవచ్చు. పళ్లు వచ్చే వరస, ఎముకల కొసలు అతుక్కునే వరస తెలిసినవే. అన్నిటికంటే ఆలస్యంగా అతుక్కునేది మెడ కింది అడ్డ ఎముక లోపలి కొస, ఇరవైల చివరిదాకా ఆగుతుంది. ముప్పై దాటాక అరుగుదలను బట్టి చెప్పాలి, అంచనా పదేళ్ల వెడల్పుకు పోతుంది. ఎత్తుకు తొడ ఎముక కావాలి, అది మనిషి ఎత్తులో సుమారు నాలుగో వంతు. దానికి ట్రాటర్, గ్లేసర్ అనే పరిశోధకులు 1952లో కట్టిన సూత్రాలు అమెరికన్ల ఎముకల మీదివి, మనవాళ్ల శరీర కొలతలు వేరు కాబట్టి మన జనాభా మీద కట్టినవే వాడాలి. వాడినా అంగుళం, అంగుళంన్నర అటూ ఇటూ తప్పదు.

ఇప్పుడు మీ ఊరి సంగతికి వద్దాం. నివేదికలో ఇలా వచ్చిందనుకుందాం: ‘స్త్రీ, వయసు 30 నుంచి 45, ఎత్తు సుమారు అయిదడుగులు, చనిపోయి అయిదేళ్లు దాటింది.’ మీ ఊళ్లో వెంటనే ఏమంటారు? ‘చూశారా, ఆవిడే!’ ఆ నాలుగు మాటలకు సరిపోయే ఆడవారు ఈ జిల్లాలో ఎన్ని వేలమంది ఉంటారో ఆలోచించండి. ఆ నాలుగూ ఆవిడకు సరిపోవడం వల్ల ఆవిడ కావచ్చు అని మాత్రమే తేలుతుంది. ఒక్కటి సరిపోకపోతే మాత్రం ఆవిడ కాదని తేలిపోతుంది. ఎముక ‘కాదు’ అన్నది గట్టిగా చెబుతుంది, ‘అవును’ అన్నది మెల్లగా గొణుగుతుంది. ఈ తేడా పోలీసులకూ పత్రికలవాళ్లకూ నచ్చజెప్పడంలోనే నా ఉద్యోగం సగం గడిచిపోయింది.

‘అవును’ దాకా వెళ్లాలంటే పోల్చడానికి బతికి ఉన్నప్పటిది ఏదో ఒకటి కావాలి. 1935లో స్కాట్లండ్‌లోని మాఫట్ దగ్గర ఒక వాగులో ముక్కలు చేసిన శరీరాల మూటలు దొరికాయి. రెండూ ఆడవారివే. గుర్తుపట్టకూడదని కళ్లు, చెవులు, ముక్కు, వేలికొసలు కోసేశారు. అంత శాస్త్రీయంగా కోశారంటే ఇది డాక్టరు పనే అనుకున్నారు. గ్లేస్టర్, బ్రాష్ అనే ఇద్దరు ఆచార్యులు ముక్కలను వరసగా పేర్చి, పుర్రెల ఫోటోలను, తప్పిపోయిన ఇద్దరు స్త్రీల పాత ఫోటోల మీద సరిగ్గా అదే కోణంలో, అదే కొలతలో పెట్టి చూశారు. కొలత కోసం ఒకావిడ ఫోటోలో తలకు పెట్టుకున్న కిరీటంలాంటి నగ పనికొచ్చింది. ఒక పుర్రె ఒక ఫోటోకు సరిపోయింది, రెండోదానికి సరిపోలేదు. రెండో పుర్రెకు అటుది ఇటు. అయితే పోలీసులను హంతకుడి ఊరికి తీసుకెళ్లింది ఎముకలు కావు, మూట కట్టిన పత్రిక! అది సెప్టెంబరు 15 నాటి ఒక ఆదివారపు పత్రిక తాలూకు ప్రత్యేక సంచిక, లాంకాస్టర్ చుట్టుపక్కల మాత్రమే అమ్మారు. ఆ ఊరి డాక్టరు బక్ రక్స్‌టన్ తనతో భార్యగా ఉంటున్న స్త్రీనీ ఇంటి పనిమనిషినీ చంపాడని తేలింది, 1936లో ఆయన్ను ఉరితీశారు. ఆయన బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ. మన సుప్రీంకోర్టు 1963లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక కేసులో ఇలాంటి ఫోటో పోలికను సాక్ష్యంగా అంగీకరించింది. కానీ అది ఒక్కటే ఆధారమైతే నేను ఎవరినీ ఉరికంబం ఎక్కించను.

మీ విషయంలో దగ్గరి దారి డీఎన్‌ఏ. దానికి పళ్లు, తొడ ఎముక, పుర్రెలో చెవి దగ్గరుండే గట్టి భాగం మంచివి. అయితే యంత్రంలో పెట్టగానే పేరు బయటికి రాదు, పోల్చడానికి బంధువు రక్తం కావాలి. ఆ తప్పిపోయినావిడకు తల్లి ఉన్నారు, కొడుకు ఉన్నాడు. ఈ ఇద్దరూ చాలు. ఇక్కడ మీరు చేయగలిగిన సాయం ఉంది. తొమ్మిదేళ్ల క్రితం ఎవరైనా మిస్సింగ్ ఫిర్యాదు ఇచ్చారా కనుక్కోండి. ఇచ్చి ఉండకపోతే ఆవిడ పుట్టింటివారు ఇప్పుడైనా ఇవ్వవచ్చు, రక్త నమూనా ఇస్తామని రాతపూర్వకంగా అడగవచ్చు. పిల్లవాడికి మాత్రం ఇది ఊళ్లో ఎవరో చెప్పకముందే ఇంట్లో పెద్దవాళ్లు నిదానంగా చెప్పాలి. ఇంకొకటి, కోనసీమలో ఒక ఆడమనిషి కనిపించకుండా పోవడానికి కువైట్ అనే కారణం కూడా ఉంటుంది. ఏజెంటు ద్వారా గల్ఫ్ వెళ్లి, ఇంటితో తెగతెంపులు చేసుకున్నవారు మీ చుట్టుపక్కల లేరా? పాస్‌పోర్టు తీసుకున్నదో లేదో పోలీసులు తేలికగా తెలుసుకోగలరు. ఎవరైనా అడిగారా?

ఎలా పోయారన్నది అన్నిటికంటే కష్టం. చాలా చావులు ఎముక మీద గుర్తు వదలవు. గుండెపోటు, జ్వరం, పాముకాటు, చాలా విషాలు, నీట మునగడం, ఇవేవీ కంటికి కనబడవు. దెబ్బ ఉంటే అది చనిపోవడానికి చాలా ముందు తగిలిందా, చనిపోయే వేళ తగిలిందా, తర్వాతదా అన్నది చూస్తాం. ముందుదైతే ఎముక మానడం మొదలై అంచులు గుండ్రబడతాయి. మీ పొక్లెయిన్ పళ్లు తగిలి విరిగినచోట లోపలి రంగు లేతగా, కొత్తగా కనిపిస్తుంది. ఎప్పుడో విరిగినదైతే అంచు కూడా మట్టి రంగే పట్టి ఉంటుంది. గొంతు నులిమారా అన్నదానికి గొంతులో ఉండే చిన్న లాడం ఆకారపు ఎముక కోసం వెతుకుతాం. అది మరే ఎముకతోనూ కీలు కలవదు, కాబట్టి విడిగా మట్టిలో పడిపోతుంది. వయసులో ఉన్నవారిలో దాని భాగాలు ఇంకా పూర్తిగా అతుక్కోవు, వంగుతాయి గాని తరచుగా విరగవు. అందువల్ల అది విరగలేదు కాబట్టి నులమలేదని కూడా చెప్పలేం. మునిగి చనిపోయినవారి ఎముక మజ్జలో డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు కోసం వెతికే పరీక్ష ఒకటి ఉంది. మీరు ఎముకలను కాలువలో కడిగారు, ఆ కాలువ నిండా అవే. పైగా ఆ ఒండ్రే గోదావరి తెచ్చినది. ఇక ఆ పరీక్ష మీద ఆశ పెట్టుకోనక్కరలేదు.

ఊళ్లో అనుమానం ఎలా పుడుతుందో ఒకసారి కళ్లారా చూశాను. ఒక ఏటిగట్టు పని చేస్తుండగా గుడ్డ చుట్టిన మట్టికుండ దొరికింది. లోపల తెల్లగా కాలిన ఎముక ముక్కలు. కాల్చి చంపారని రెండు రోజుల్లో మూడు కథలు పుట్టాయి. ఒక పేరు కూడా దొరికింది. ముక్కలను కాగితం మీద పరిచి చూశాను. పాదం దగ్గరిది ఒకటి, కాలిది ఒకటి, చేతిది, పక్కటెముక, వెన్నుపూస, చివరికి పుర్రె ముక్క. ఒళ్లంతటి నుంచీ తలా ఒకటి. హంతకుడు అంత వరసగా ఏరడు. పాదాల నుంచి తల దాకా వరసగా అస్థికలు ఏరుకునేది కొడుకులు. నిమజ్జనానికి తీసుకెళ్లాలని దాచి, ఏవో కారణాలతో మరిచిపోయిన కుండ అది. అప్పటికే పేరు దొరికిన ఆ మనిషికి క్షమాపణ చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

మీ అమ్మాయి విషయం. మా అత్తగారు నా పెళ్లయిన కొత్తలో ఏడాదిపాటు నా చేతి కూర ముట్టలేదు. తర్వాత ఆవిడ మోకాలు అరిగినప్పుడు ఎక్స్‌రే పట్టుకుని మొదట నా దగ్గరికే వచ్చారు. మీ అమ్మగారు కూడా అన్నానికి వస్తారు, కంగారు పడకండి. అమ్మాయికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన దేశంలో ‘ఫోరెన్సిక్ ఆంత్రోపాలజిస్టు’ అనే పేరుతో జిల్లాకొక ఉద్యోగం లేదు. స్టేషన్ నుంచి ఎముకల సంచి సాధారణంగా వెళ్లేది ప్రభుత్వ వైద్య కళాశాలలోని ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగానికి. నివేదిక మీద సంతకం ఆ డాక్టరుది. మా వంటివాళ్లను వాళ్లకు చిక్కు వచ్చినప్పుడు పిలుస్తారు. అమ్మాయి బీఎస్సీలో ఉంది కాబట్టి వైద్యం దారి మూసుకుపోయినట్టే అనుకోవాలి. మిగిలినవి రెండు. ఒకటి ఎమ్మెస్సీ ఆంత్రోపాలజీ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆ విభాగాలు ఉన్నాయి. ఢిల్లీ, చండీగఢ్ కూడా మంచివి. రెండోది ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్. గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ఉంది. ఆ తర్వాత రాష్ట్ర, కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, ఆంత్రోపలాజికల్ సర్వే, అధ్యాపకత్వం. డీఎన్‌ఏ పని కూడా నేర్చుకుంటే అవకాశాలు ఎక్కువ. కొత్త చట్టాలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలన్న నిబంధన వచ్చింది, దాన్ని పూర్తిగా అమలు చేయాలంటే మనుషులు కావాలి.

చదువులో చేరేముందు ఒక పరీక్ష నేను పెడతాను. టీవీలో చూపించినట్టు సాయంత్రానికి పేరు, మర్నాటికి హంతకుడు దొరకరని, ఒక్క వెన్నుపూస కోసం రోజంతా మట్టి జల్లించాలని, చివరికి కోర్టులో ‘నేను చెప్పలేను’ అని తలెత్తుకుని అనగలగాలని చెప్పండి. అప్పుడు కూడా ముఖంలో వెలుగు తగ్గకపోతే పంపించండి.

మళ్లీ మట్టి దగ్గరికి వద్దాం. ఆ గుట్ట ఇంకా ఉంటే పళ్లు, వేళ్ల ఎముకలు, గొంతు ఎముక, గాజులు, మెట్టెలు అందులోనే ఉంటాయి. జల్లెడ మీరు పట్టకండి. తహసీల్దారుకు, సీఐకి ఈ వారమే అర్జీ పెట్టండి, వైద్య కళాశాల నుంచి నిపుణుణ్ణి పిలిపించి వాళ్ల సమక్షంలో జల్లించమని అడగండి. పొక్లెయిన్ డ్రైవరు ఫోనులో ఫోటోలు తీసి ఉంటే చెరపవద్దని చెప్పండి, తేదీతో సహా పోలీసులకు ఇప్పించండి. ఎముకలు పైకి వచ్చిన మూలలో నాలుగు వెదురు గెడలు పాతి తాడు కట్టండి. ఈ పనుల మధ్య ఆ కొట్టు దగ్గర ఆగి, ఇంట్లోకి కావలసిన పంచదారో పప్పో కొనండి. ఆ ఎముకలు దొరికింది మీ చేలో కాబట్టి మీరు ఆ మెట్లెక్కితే ఊరు చూస్తుంది. గట్టు మీది మట్టికి టార్పాలిన్ కప్పించండి, నాలుగు వైపులా ఇటుకలు పెట్టించండి. ఒక్క పెద్ద వాన పడితే అది మళ్లీ చెరువులోకే జారుతుంది.